మా వదిన గోడకి సిమెంటు రేకులు

కళింగపట్నం దగ్గర మా అన్న కూర్మయ్య ఇంటికి తూర్పుగోడ మట్టిది. సముద్రం వాన సూటిగా దానికే కొడతాది. అరవయ్యెనిమిదిలో దానికి సిమెంటు రేకులు తొడిగింది నేనే. నేను బిగించిన రేకు ఊడదీయాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఆ ఒక్కటీ తప్ప.

ఆ గోడ మా వదిన దాలమ్మది. ముప్పయ్యేళ్లు పేడతో అలికి సాకింది. రేకుల మాట ఎత్తితే, "మరిదీ, నువ్వు పెట్టిన తలుపే ఇప్పటికీ పడదు. నా గోడ జోలికి రాకు" అని నెరిసిన కొప్పు ముడేసుకుంటూ నవ్వింది. వీధంతా నవ్వింది. ఆ నవ్వు నేను మరవలేదు.

ఆవిడ పోయిన ఏడో రోజునే బండి మీంచి రేకులు దించాను. మాలో పదకొండో రోజు, పెద్దదినం నాడు ఆడవాళ్లు ఇల్లంతా అలికి మైల తీస్తారు. అందాకా ఇంటికి ఇనుము తగలనివ్వరు.

"నాలుగు రోజులు ఆగరా ఎల్లాజీ," అన్నాడు అన్న. "దాని గోడ ఇంకా అలకలేదు."

"వాన ఆగుతాదేటి?"

వాన కాదు. మళ్లీ అలికితే ఆ గోడ మళ్లీ ఆవిడదే అవుతాది. అది నాకు ఇష్టం లేదు.

రేకుకి మేకు కొడితే పగులుతాది. బరమాతో బెజ్జం తీసి, తారుబిళ్ల వేసి, మరమేకు బిగించాలి. అలాగే చేశాను. దారం పట్టి చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్న పిలిచాడు. ఇంటి నిండా కంపు. ఎండుచేపల కంపు మాకు అలవాటే. ఇది వేరు. తియ్యగా, కుళ్లుగా, నాలిక మీద అంటుకునే కంపు. మరమేకుల చుట్టూ పచ్చగా ఏదో ఊరుతున్నాది. వేలితో తీశాను. పేడ. వెచ్చగా ఉంది... అందులో తెల్లపురుగులు కదులుతున్నాయి.

రేకుకి చెవి ఆనించాను.

సర్... సర్...

గోడ మీద అరచెయ్యి తిరుగుతున్న చప్పుడు.

"ఇప్పు," అన్నాడు అన్న గుసగుసగా. "తప్పైపోనాదని సెప్పి ఇప్పెయ్యరా."

ఒక రేకు తీశాను. గోడ తడిగా ఉంది. అప్పుడే అలికినట్టు, వేళ్ల చారలు వంపులు వంపులుగా. గోడకీ రేకుకీ మధ్య రెండు వేళ్ల సందు. అందులో చెయ్యి పట్టదు. రేకు లోపలి వైపు కూడా అలికి ఉంది.

"దాని సెయ్యే," అన్నాడు అన్న. "మిగతాయీ తీసియ్యి. పెద్దదినం అయినాక సూద్దాం."

వీధిలో జనం చేరారు. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని నాకు తెలుసు. నా పని నేనే ఊడదీసుకుంటే దాలమ్మ మాటే నిలుస్తాది. ముక్కు మూసుకుని ఆ రేకు ఎత్తి, అవే బెజ్జాల్లో మళ్లీ బిగించాను. అన్న నాతో మరి మాట్లాడలేదు.

ఇప్పుడా గోడ దగ్గర చప్పుడు లేదు. కంపూ లేదు.

కంపు నా దగ్గరుంది. పొద్దున్న లేచేసరికి కుడిచేతి గోళ్ల నిండా పేడ. పచ్చిగా, వెచ్చగా. బూడిదతో తోముతాను, చింతపండుతో తోముతాను. అన్నం కలిపేసరికి మెతుకులు పచ్చబడతాయి. ఆ చేత్తోనే తినాలి.

ఇవాళ బొటనవేలి గోరు కింద నెరిసిన వెంట్రుక కొస కనిపించింది. పట్టుకుని లాగాను. జానెడు వచ్చింది... మూరెడు వచ్చింది...

అప్పుడు అటునుంచి కూడా ఎవరో లాగారు.