కాలవ మలుపు కాడ ఆగే కారు

విడవలూరులో మాల్యాద్రి షెడ్డంటే కార్లకు ఆసుపత్రి. అరవై మూడో సంవత్సరం, ఎండాకాలం, పట్టపగలు. నరసయ్య తన టాక్సీని తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"మళ్లీ ఉడికిపోతా ఉండాది మాల్యాద్రీ. అదే చోట. కాలవ మలుపు కాడ."

ఆ మాటకే మాల్యాద్రి చేస్తున్న పని ఆపేశాడు. నిరుడు ఈ కారే, పురిటి నొప్పులు పడుతున్న జయశీలను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతూ, ఆ మలుపులో ఫ్యాన్ బెల్టు తెగి ఆగిపోయింది. జయశీల తల్లి ఎస్తేరమ్మ పైట చెంగు చించి పురిపెట్టి ఇస్తే, నరసయ్య దాన్నే బెల్టులా కట్టాడు. అర ఫర్లాంగు కూడా పోలేదు, అదీ తెగింది. కడుపులో బిడ్డ బయటపడకుండానే ఆ పిల్ల వెనక సీట్లో కన్నుమూసింది. బండి చూసుకోవడం చేతకాదని ఊరంతా నరసయ్యనే తిట్టిపోసింది.

ఆ రోజు పొద్దున షెడ్డులో బెల్టు మీద చీలికలు మాల్యాద్రి చూశాడు. ఆకలేస్తోంది, సాయంత్రం మారుద్దాంలే అని బానెట్ మూసేశాడు. ఏడాదైనా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏం మనిషండీ!

ఈసారి మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశాడు. బెల్టును బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగింది, సరిగ్గానే ఉంది. ఫ్యాన్ రెక్కలు పట్టి ఊపాడు, వదులు లేదు. రేడియేటర్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. రోగం దొరకలేదు.

"పోయి చూద్దాం పద అన్నా," అన్నాడు.

మలుపు దాకా కారు హాయిగా పోయింది. అక్కడ బుస్సుమని ఆవిరి లేచింది. నరసయ్య ఇంజన్ ఆపి, డబ్బా తీసుకుని కాలవలోకి దిగాడు. మాల్యాద్రి బానెట్ ఎత్తాడు. కాలిన రబ్బరు వాసన... దాని వెనకే, నొప్పులు పడే ఆడమనిషి పొట్టకు రాసే ఆముదం వాసన. డైనమో బోల్టు వదులు చేసి బెల్టు ఊడదీశాడు. కొత్తది. ఒక్క చీలికా లేదు.

అప్పుడు ఫ్యాన్ కదిలింది.

ఇంజన్ ఆగి ఉంది. బెల్టు చేతిలో ఉంది. అయినా రెక్కలు తిరుగుతున్నాయి... నెమ్మదిగా...

"ఇంకెంత దూరం అన్నా...?"

వెనక సీట్లోంచి. ఆయాసపడుతూ.

మాల్యాద్రి అక్కడే కూలబడ్డాడు. "చీలికలు చూసినా తల్లీ. చూసి కూడా వదిలేసినా. నరసయ్యన్న తప్పేం లేదు. ఒక ప్రాణాన్ని పొట్టన పెట్టుకున్నా... నన్ను క్షమించు."

ఫ్యాన్ ఆగింది. వెనక నీళ్ల డబ్బాతో నరసయ్య నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ముందుకొచ్చి రేడియేటర్లో నీళ్లు పోశాడు.

"ఆ గొంతు నాకూ ఏడాదిగా వినపడతానే ఉండాది," అన్నాడు. "బెల్టు బిగించు. ముందు ఆ పిల్లను ఆసుపత్రి కాడ దించుదాం. ఆనక ఎస్తేరమ్మ కాడికి పోయి నీ నోటితో నువ్వే చెప్పు."

దారి పొడుగునా ఇద్దరూ వెనక్కి తిరగలేదు. కారు మళ్లీ ఉడకలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆగగానే వెనక తలుపు తెరుచుకుంది. ఎవరూ లేరు. సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. తలుపు మూసుకుంది. ఆముదం వాసన పోయింది.

"దిగిపోయిందిరా," అని నరసయ్య ఊపిరి వదిలాడు.

మాల్యాద్రికి ఏడుపు ఆగలేదు. గేటు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

వెనక సీట్లో పసిబిడ్డ ఏడుపు మొదలైంది.