ల వత్తు

"పనిలో మధ్యమధ్య గేమ్స్ ఆడుతున్నట్టున్నారండీ" అన్నాను. నజీరాతో నేను మాట్లాడిన మొదటి మాట అది. అంతకంటే తెలివితక్కువ మాట ఈ జన్మలో మళ్లీ అనలేదు.

ఆమె మౌస్ పక్కన పెట్టి నావైపు తిరిగింది. "ఆడుతున్నానండి. వంటగది ఎటు పెట్టాలి, స్నానాలగది ఎటు పెట్టాలి అని, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే ఆట" అంది.

రెండువేల రెండో సంవత్సరం సంగతి. అప్పట్లో నేను గుంటూరులో ఒక కంప్యూటర్ షాపులో సర్వీస్ ఇంజనీర్ని. ఇంజనీరంటే మరీ ఊహించుకోకండి, చేతిలో స్క్రూడ్రైవరున్న డిప్లొమా కుర్రాణ్ణి. చీరాలలో ఇళ్లు కట్టించే శ్రీకృష్ణ గారికి మా షాపువాళ్లే కంప్యూటరు అమ్మారు, ప్లాన్లు గీసుకోవడానికి క్యాడ్ సాఫ్ట్‌వేరుతో సహా. గీసే ఉద్యోగం నజీరాది. గీస్తుంటే ఉన్నట్టుండి సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతోందని, గీసిందంతా గంగలో కలుస్తోందని ఫోను మీద ఫోను. చివరికి నన్ను రైలెక్కించారు.

వెతికి చూస్తే అందులో గేమ్ ఒక్కటీ లేదు. ఆమె చూడనట్టే చూస్తోంది. వైరస్ అయ్యుంటుందండీ అని గొణిగి, ఏదో ఒకటి తుడిచేసి, మొహం చెల్లక వచ్చేశాను.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. షాపులో మిగతావాళ్లు చీరాలంటే మొహం ముడుచుకుంటే నేను మాత్రం అప్పటికే బ్యాగు సర్దుకున్నాను. ఆ చూపు అలాంటిది మరి. తిట్టినా ఇంకోసారి తిట్టించుకోవాలనిపించేది.

ఈసారి ఒకటి గమనించాను. ప్లానులో పైన హెడ్డింగులు ఇంగ్లీషులోనే ఉన్నాయి కానీ గదుల పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. కంప్యూటర్లో తెలుగెందుకండీ, చాదస్తం కాకపోతే అన్నాను. ఆమె కోప్పడలేదు. వాడరేవులో ఒక ఇంటికి స్టోర్ అని ఇంగ్లీషులో రాస్తే, పిచ్చయ్య మేస్త్రి దాన్ని స్టవ్ అని కూడబలుక్కుని సామాన్ల గదిలో వంటగట్టు కట్టేశాడట. ఇంటావిడ ఆ గట్టు మీదే కూర్చుని, మీ ఇంజనీరొస్తే గాని లేవనందట. ఆ మర్నాటి నుంచి నజీరా ఒక తెలుగు ఫాంటు వేయించుకుని, ఏ అక్షరానికి ఏ మీట కొట్టాలో కాగితం మీద రాసి గోడకి అంటించుకుంది. చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. అయిపోయాను నేను. రిపేరుకొచ్చినవాడు రిపేరుకి రావడమంటే ఇదే.

మూడోసారి వెళ్లినప్పుడు ఆమే ఒక ఆధారం ఇచ్చింది. ఒంటి అంతస్తు ఇళ్లకి ఏమీ కావట్లేదు, మేడ ఇళ్లకే సాఫ్ట్‌వేరు పడిపోతోందంది. పెద్ద డ్రాయింగు కదా, మెమరీ చాలట్లేదని నేను ఠీవిగా తేల్చి, ర్యామ్ పెంచి వచ్చాను. మర్నాడే ఫోను. "మొదట నన్నన్నారు. తర్వాత వైరస్‌నన్నారు. ఇప్పుడు ర్యామ్‌నన్నారు. ఈసారి ఎవరినంటారో చెబితే వాళ్లని పిలిచి కూర్చోబెడతాను" అంది నజీరా.

మా అమ్మ ఖుర్షిదా, చీరాల కంప్యూటరుకి ఒక్కదానికే ఇన్ని జబ్బులేంట్రా అని అడిగింది. నేను షర్టు ఇస్త్రీ చేసుకున్నాను. అమ్మ మొహం అటు తిప్పుకుని నవ్వింది.

ఆ తర్వాతే అసలు గొడవ మొదలైంది. శ్రీకృష్ణ గారికి ఒక కల్యాణ మండపం పని వచ్చింది. దాని ప్లాను గీస్తుంటే కూడా సాఫ్ట్‌వేరు పడిపోయింది, నేను మళ్లీ రైలెక్కాను. శనివారానికి ప్లాను చేతికి రాకపోతే ఈ డబ్బా మీ షాపుకే పంపించేస్తాను, పాత పద్ధతిలో బల్ల మీద గీయించుకుంటాను, అమ్మాయి రానక్కర్లేదని ఆయన నా ముందే అనేశారు. నజీరా, గోడకి అంటించిన కాగితం అంచు ఊడితే దాన్ని మళ్లీ సరిగ్గా అతికించింది.

నా గతి చూడండి. బాగుచేస్తే ఇంక నాకు చీరాలలో పని లేదు. చేయకపోతే ఆమెకి లేదు.

శనివారం పొద్దున్నే వెళ్లి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం కొడుతున్నారో నెమ్మదిగా కొట్టండి, నేను చూస్తానన్నాను. వంటశాల అని రాసింది, ఏమీ కాలేదు. భోజనశాల, ఏమీ కాలేదు. పెళ్లికూతురి గది అని మొదలుపెట్టిందో లేదో, టప్‌మని మొత్తం మూసుకుపోయింది. మళ్లీ తెరిచి పెళ్లికొడుకు గది మొదలుపెట్టింది. అదీ అంతే.

వెనక నిలబడ్డ శ్రీకృష్ణ గారు పెళ్లికూతురి గది నైరుతిలో పెట్టడం వల్లే అన్నారు. నజీరా నవ్వాపుకుంటూ, "నాకు అలా అనిపించట్లేదండి. పెళ్లి మాటెత్తితేనే దీనికి భయంలా ఉంది" అంది.

పెళ్లి మాటెత్తితే. నేను గోడ మీద కాగితం చూశాను. మేడ ఇళ్లలో ఉండి మామూలు ఇళ్లలో లేని మాటేంటండీ అని అడిగాను.

"మెట్లు" అంది. అని ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి కాగితం మీద వేలు పెట్టాం. మెట్లులో ట కింద ల వత్తు. పెళ్లిలో ళ కింద ల వత్తు. ఆ ఫాంటులో ల వత్తు రావాలంటే శాతం గుర్తు కొట్టాలి. మన నజీరాకి అది వత్తు. సాఫ్ట్‌వేరుకేమో తనకిచ్చే ఆర్డరు. ఆ ఆర్డరేంటో అర్థంకాక దిమ్మతిరిగి పడిపోతోంది.

కాగితం మీద మా వేళ్లు ఒకదానికొకటి తగిలాయి. ఆమె ముందు తీసేసింది. కానీ మరీ గబుక్కున తియ్యలేదు.

మిగతాది తేలికైపోయింది. పెళ్ళికి ళ వత్తే పెట్టేసింది, అది వేరే మీట. ఇక ముందు మేడ ఇళ్లకి మెట్లు బదులు మేడదారి అని రాస్తానంది. మధ్యాహ్నానికల్లా ప్లాను ప్రింటయింది. శ్రీకృష్ణ గారు దాన్ని చుట్టచుట్టి పట్టుకుని, సోమవారం త్వరగా రా అమ్మాయ్ అని నజీరాతో చెప్పి స్కూటరెక్కారు.

నేను స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాను. సర్దినవే మళ్లీ సర్దాను. రైలుకి టైమవుతోందేమో కదండీ అంది నజీరా. అవుతోందన్నాను. లేవలేకపోయాను.

చివరిసారి టెస్ట్ చేస్తానండీ అని ఆమె కుర్చీలో కూర్చున్నాను. కాగితం చూసుకుంటూ ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టాను. ఆమె నా వెనకే నిలబడి ఒక్కో అక్షరం చదువుతోందని తెలుస్తోంది.

నజీరా గారూ, మీ నాన్నగారితో మన పెళ్ళి గురించి మాట్

పెళ్ళి దగ్గర ళ వత్తు జాగ్రత్తగానే పెట్టాను. ఆ ధీమాలో ట కింద ల వత్తు కొట్టేశాను. టప్‌మని మొత్తం మాయమైపోయింది. ఖాళీ తెర. జబ్బు కనిపెట్టిన మొనగాణ్ణి నేనే, దాని నోట్లో చెయ్యి పెట్టిందీ నేనే. వెనక్కి తిరిగే ధైర్యం లేక అలాగే కూర్చున్నాను.

"షబ్బీర్ గారూ" అంది నజీరా.

"ఆఁ అండీ."

"ఆ మాట ఇందులో రాయడం కుదరదండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంటికొచ్చి మాట్లాడండి" అంది. "రేపు ఆదివారమేగా. మీ అమ్మగారిని కూడా తీసుకురండి."

అప్పుడు తిరిగి చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది. చెవులు పండుమిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి.

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి" అంది అటు చూస్తూనే. "పత్తి జిన్నింగు మిల్లు మోతలో పనిచేసి చేసి మా నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు. గొణిగితే కుదరదు. వీధంతా వినపడేలా అడగాలి."