వేళకు వేసుకోండి

నూట పన్నెండో పొట్లాన్ని తన్మయి బొటనవేలితో తట్టింది. "నా గడువు తీరింది. నన్ను వాడకండి," అంది పొట్లం. దాన్ని ఎడమవైపు పళ్లెంలోకి తోసి నూట పదమూడోది అందుకుంది. అదీ ఆ మాటే అంది. పళ్లెం నిండగానే బల్ల కింద కదిలే పట్టా దాన్ని, గడువు తీరినవి పారేసే నీలిగదిలోకి లాక్కుపోయింది. దారిలో ఒకదానికొకటి తగిలి, ఇరవై పొట్లాలు ఒకేసారి తమను వాడవద్దని చెప్పుకుంటూ వెళ్లాయి.

తెనాలి గడువు పరిశీలన కేంద్రంలో ఈ పనికి సరిచూపు అనే యంత్రం ఉంది. పొట్లానికి అంటించిన పలుకుచీటీలోని గొంతును గడువు కోశంలో దాచిన అసలు గొంతుతో పోల్చి, రెప్పపాటులో పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. మనిషి తట్టి వినాలన్న నిబంధన లేదు. తన్మయి మాత్రం ప్రతిదీ తట్టి వింటుంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె మీద పైవాళ్లు రాసిన ఒకే ఒక ఫిర్యాదు, పని నెమ్మది అని. ఆ రాసినవాళ్లకు ఆమె ఎందుకు నెమ్మదో తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

ఆ గొంతు ఆమె భర్త శ్రీకర్‌ది.

శ్రీకర్ బస్టాండులో అనౌన్సరుగా పనిచేసేవాడు. మందుల అట్టల మీది చీమ తలకాయంత అంకెలు ఎవరూ చదవడం లేదని తేలి పలుకుచీటీలు తెచ్చినప్పుడు, వినగానే నమ్మబుద్ధయ్యే గొంతు కోసం రాష్ట్రమంతా గాలించారు. చివరికి గుంటూరు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పే మనిషి దగ్గరికొచ్చి ఆగారు. అప్పటినుంచి మాత్రలు, పాలు, నెయ్యి, పసిపిల్లల డబ్బాపొడి అన్నీ అతని గొంతుతోనే మాట్లాడుతున్నాయి. అతను పోయి ఆరేళ్లయింది. ఒక గురువారం మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గొంతు ఊళ్లో ఉండిపోయింది.

"నిన్న మీ ఆయన మా పెరుగు పారబోయించాడు," అని పక్కింటావిడ మేలమాడుతుండేది. తన్మయి నవ్వేది. తరువాత ఇంట్లోకి వెళ్లి, అప్పటికే వేసుకున్న బీపీ మాత్రల అట్టను ఊరికే ఇంకోసారి తట్టేది. ఆమెకు అతను కావాలి. ఆరేళ్లుగా ప్రతి పూటా కావాలి.

అతని గొంతు ఇంకెక్కడా లేదని కాదు. బస్టాండులో జనం తీసుకున్న పాత వీడియోల్లో ఉంది. కానీ వాటిలో అతను బస్సుల్ని పిలుస్తూ ఉంటాడు. పలుకుచీటీ సంగతి వేరు. గడువున్న మందును తడితే, "ఇంకా ఇన్ని నెలలు పనికొస్తాను. వేళకు వేసుకోండి," అంటుంది. నెలల లెక్క మారుతుంది గాని చివరి మాట ఎప్పుడూ ఒక్కటే. ఆ మాట రికార్డు చేసిన రోజు స్టూడియోలో కరెంటు లేక, వాళ్ల పడకగదిలోనే బీరువాకు బొంత కప్పి పని కానిచ్చారు. శ్రీకర్‌కు గొంతు బొంగురుగా ఉంది. అతను "వేళకు వేసుకోండి" అని ముగించాడో లేదో, తన్మయి మిరియాల పాల గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. టణ్‌మంది. శ్రీకర్ కళ్లతోనే కసిరాడు. ఏం ఫర్లేదు, యంత్రం తుడిచేస్తుందిలెండి అన్నాడు రికార్డు చేసే మనిషి. యంత్రం తుడవలేదు.

అందుకే ఆమె ప్రతి అట్టనూ చివరిదాకా వింటుంది. అతని మాట, అర క్షణం నిశ్శబ్దం, స్టీలు గ్లాసు. వాళ్లిద్దరూ కలిసి ఉన్న గది ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. చీటీ మాటను ఏ ఫోనూ పట్టుకోలేదు. దొంగసరుకు రాకుండా అంత కట్టుదిట్టంగా చేశారు. దాచుకోవడానికి వీల్లేదు, తట్టి వినడమే.

పదకొండింటికి మస్తాన్ వలి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. భార్యకు మూర్ఛ వ్యాధి. తొమ్మిదేళ్లుగా మందు మానకుండా వేసుకుంటోంది, తొమ్మిదేళ్లుగా ఫిట్సు రాలేదు. ఈ నెలలో మూడుసార్లు వచ్చాయి. మూడోసారి పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకుంది. పోయిన రెండు వారాల్లోనూ అతను ఇదే అట్ట తెచ్చాడు. రెండుసార్లూ అట్ట తన్మయి చేతికి రాకముందే సరిచూపు పచ్చదీపం వెలిగించి ఫిర్యాదు మూసేసింది. ఇవాళ కూడా వెలిగించింది.

తన్మయి అట్ట అందుకుని తట్టింది.

"ఇంకా ఏడు నెలలు పనికొస్తాను. వేళకు వేసుకోండి."

ఆమె ఆగింది. ఏమీ వినబడలేదు. మళ్లీ తట్టింది. శ్రీకర్ గొంతే. అదే నిదానం, "వేళకు" దగ్గర అదే చిన్న ఒత్తు. బొంగురు కూడా లేదు, కడిగిన ముత్యంలా ఉంది. మాట అయిపోయాక మాత్రం అతను ఒక్కడే ఉన్నాడు. ఎవరూ గదిలోకి రాలేదు.

వెనక అరలోంచి కేంద్రం సొంత నిల్వలోని అట్ట తీసి తట్టింది. మాట, అర క్షణం, గ్లాసు.  ఎవరో పాత బస్టాండు వీడియోల నుంచి ఆ గొంతును మళ్లీ కట్టారు. గొంతుకు నకలు పుట్టిందని రాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మౌన ఉత్తర్వు వస్తుంది. రాష్ట్రంలో ఉన్న ప్రతి చీటీ మూగబోతుంది.

ఆమె ముందు చేసిన పని, గొప్పగా చెప్పుకునేది కాదు. కేంద్రం నిల్వలోని మంచి అట్టను పెద్దాయన చేతిలో పెట్టి, పాతది వాడొద్దని చెప్పి, ఫిర్యాదు మూసేయబోయింది. ఒక మనిషి బతుకుతుంది, ఆ గొంతూ బతుకుతుంది అనుకుంది.

మస్తాన్ వలి కొత్త అట్టను చెవి దగ్గర పెట్టుకుని తట్టి విన్నాడు. తృప్తిగా తలాడించాడు.

"మా ఆవిడ ఈ మాట వినందే బిళ్ల నోట్లో ఏసుకోదమ్మా. చెయ్యి కాలినప్పుడు కూడా మందు మీద అనుమానం పెట్టుకోలా. నా ఒంట్లోనే ఏదో ఉంది, ఆ అబ్బాయి అబద్ధం చెప్పడు అంటది."

తన్మయి ఫిర్యాదు మూయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పాత అట్ట ఎక్కడ కొన్నారని అడిగింది. వాళ్ల వీధి చివరి కొట్లోనే, వీధి వీధంతా అక్కడే కొంటారని చెప్పాడు. ఆమె పాత అట్ట ఉంచుకుని అతన్ని ఇంటికి పంపి, సరిచూపు ముందు కూర్చుని, యంత్రం తీర్పును కాదనడానికి ఉన్న మనిషిమాట గడి తెరిచింది. ఆ గడిని ఆ కేంద్రంలో ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

ఆధారం చెప్పమంది సరిచూపు. వేళకు వేసుకోండి తరువాత గ్లాసు చప్పుడు లేదు, అని రాసింది. అది నేపథ్య శబ్దమనీ ఆధారం కాదనీ జవాబొచ్చింది. ఆమె మళ్లీ అదే రాసింది. మనిషిమాట రెండుసార్లు పడితే మాత్రను రసాయన గదికి పంపక తప్పదు. పంపాక రెండు గంటలపాటు, తన చెవులే మోసం చేసి ఉంటే బాగుండునని కోరుకుంటూ కూర్చుంది. ఫలితం వచ్చింది. సుద్ద, బియ్యప్పిండి. మందు లేదు.

జిల్లా అధికారి ఫోను చేశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. సరుకు నకిలీదని తేలింది కాబట్టి కొట్టు మీద కేసు పెడదాం, నివేదికలో గొంతు ప్రస్తావన మాత్రం కొట్టేయమన్నాడు. గొంతు పోతే కొత్తది పెట్టడానికి ఏడాది పడుతుంది, చదువురాని వాళ్లు ఏమైపోతారు అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. తన్మయికి ఆ మాట పట్టుకుని వేలాడాలనిపించింది. ఎవరో పెద్దమనసుతో ఆమె మొగుణ్ణి ఆమెకు తిరిగిస్తున్నట్టే ఉంది.

"ఆ కొట్టుకు సరుకిచ్చినవాడు ఇంకెన్ని కొట్లకు ఇచ్చాడో మనకు తెలీదు సార్," అంది ఆమె. "అందరూ ఆ గొంతు విని నమ్మి మింగుతారు."

"అయినా మేడమ్, గ్లాసు చప్పుడేంటి? అది గ్లాసేనని మీరెలా చెప్పగలరు?"

"పెట్టింది నేనే."

 అతను, మౌన ఉత్తర్వు నాలుగింటికి అమల్లోకి వస్తుందని నెమ్మదిగా చెప్పాడు.

అప్పటికి మూడూ నలభై. తన్మయి హ్యాండుబ్యాగులోంచి తన బీపీ మాత్రల అట్ట తీసింది. ఇరవై నిమిషాలూ తట్టింది. మొదట్లో లెక్కపెట్టింది, తరువాత మానేసింది. కన్నీళ్లు పడి అట్ట జారుతుంటే చీర కొంగుతో తుడిచి మళ్లీ తట్టింది. వేళకు వేసుకోండి. గ్లాసు. వేళకు వేసుకోండి. గ్లాసు. ఒకసారి తట్టినప్పుడు ఏమీ రాలేదు. పట్టా మీద నీలిగదికి పోతున్న పొట్లాలు కూడా చప్పుడు చేయకుండా పోతున్నాయి.

అయిదయ్యేసరికి కేంద్రం ముందు జనం వరస కట్టారు. పాలప్యాకెట్లు, టానిక్కు సీసాలు, చంటిపిల్లల డబ్బాలు చెవుల దగ్గర పెట్టుకుని తడుతున్నారు. పాడైపోయిందా, నకిలీదా అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. గొంతు తప్ప ఏదీ తెలియని సరిచూపు వచ్చిన ప్రతిదానికీ ఎర్రదీపమే వెలిగిస్తోంది. తన్మయి దాన్ని ఆపేసి, కళ్లజోడు పెట్టుకుని, బల్లను గుమ్మం దగ్గరికి జరిపించుకుంది.

వరసలో ముందున్నది మస్తాన్ వలి. పొద్దున ఇచ్చిన అట్ట చూపించాడు. చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఇది కూడా దొంగదేనామ్మా? అబ్బాయి పలకట్లా. ఆవిడ ఏసుకోనంటోంది."

ఆమె అతనికి మంచినీళ్లిచ్చి, అట్టను వెలుతురులోకి తిప్పింది. చిన్న అక్షరాలను ఒక్కొక్కటీ వేలితో చూపించింది. తయారుచేసిన చోటు ఇది, బ్యాచి నంబరు ఇది, గడువు నెల ఇది. ఈసారి కొనేటప్పుడు బిల్లు అడగమని, ఈ నంబరు బిల్లు మీద కూడా ఉండాలని చెప్పింది. కళ్లు ఆనవు, నువ్వే చదివిపెట్టమ్మా అన్నాడతను. ఆవిడకు చెప్పాలి, ఏమని చెప్పను అన్నాడు.

తన్మయి గొంతు సవరించుకుంది.

"ఇంకా తొమ్మిది నెలలు పనికొస్తుంది," అని చదివింది. "వేళకు వేసుకోండి."

మస్తాన్ వలి నీళ్లు తాగడం ముగించి గ్లాసును బల్ల మీద పెట్టాడు.

ఆమె ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, తరువాతి వాళ్లను రమ్మంది.