నిన్నటి జవాబు

"వంతెన లేచిందంటే రైలు నదిలోకే," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. "ఆ రైలు నడిపేది మీ అక్క. నిన్ను పంపకూడదు. కానీ నీకంటే పనికిమాలిన మొహం దొరకలేదు. తగలడు."

ఏజెంట్ జిడ్డుకి వీడ్కోళ్లెప్పుడూ అలాగే ఉంటాయి.

ఏసీ మెకానిక్ వేషంలో, వంతెన లేపాలని చూస్తున్న ముఠా కంట్రోల్ రూములో దిగాడు. వంతెనను లేపే ఆర్డర్ అక్కడి కంప్యూటర్లో ఒక ఫారం నుంచి వెళ్తుంది. ముఠా రోజూ వంతెన మోటార్ ఆపి, ఫారంలో అవే మాటలు నింపి రిహార్సల్ చేస్తుంది. 'ఆర్డర్ అందింది' అని రాగానే చప్పట్లు కొడుతుంది.

ఫారాన్ని పాడుచేస్తే మరో దారి వెతుక్కుంటారు. అందుకే స్క్రూడ్రైవర్ పిడిలోని పెన్‌డ్రైవ్‌తో జిడ్డు ఆ ఫారం ఆర్డర్ పంపే 'పోస్ట్' పద్ధతిని 'గెట్'గా మార్చాడు. వచ్చిన జవాబు దాచుకోవచ్చని బ్రౌజర్‌కి అనుమతీ ఇచ్చాడు. పోస్ట్ అయితే ప్రతిసారీ సర్వర్ దాకా వెళ్లాల్సిందే. గెట్‌లో అదే ప్రశ్న మళ్లీ వస్తే, దాచిన జవాబునే బ్రౌజర్ చూపించేస్తుంది. ఆనాటి రిహార్సల్ జవాబు అలా దాగింది.

మర్నాడు రైలొచ్చే వేళకి వంతెన మోటార్ కలిపారు. జిడ్డు వీపుకి పిస్టల్ తగిలింది.

"నిన్నట్నుంచి చెమటలు కక్కుతున్నాం. నువ్వు మెకానిక్‌వి కాదురా!" అంది చిలక. ఒకప్పుడు సీక్రెట్ సర్వీస్‌లో జిడ్డు పక్క సీటు, ఇప్పుడు ముఠా జీతం. లిప్‌స్టిక్ మాత్రం చెదరలేదు. "చూడు, మీ అక్క ఎలా మునుగుతుందో."

ఫారంలో ఆర్డర్ బటన్ నొక్కింది. 'ఆర్డర్ అందింది.' చప్పట్లు. కిటికీలోంచి చూస్తే వంతెన కదల్లేదు. రైలు కూత దగ్గరపడింది.

చిలక వేలు రిఫ్రెష్ మీదికి వెళ్లింది. రిఫ్రెష్ చేస్తే ఈసారి బ్రౌజర్ నిజంగానే సర్వర్‌ని అడుగుతుంది, వంతెన లేస్తుంది.

"నొక్కు తల్లీ!" అంటూ కాళ్ల మీద పడ్డాడు. "రెండో ఆర్డర్ వెళ్తే లేవబోయే వంతెన ఆగిపోతుంది. మా అక్క బతుకుతుంది. నీకు దండం పెడతా, నొక్కు!"

"నీ ఏడుపు చూడ్డానికే నొక్కను, పో!" చిలక చెయ్యి వెనక్కి తీసుకుంది.

రైలు వంతెన దాటింది, చివరి పెట్టెతో సహా. తలుపు బద్దలుకొట్టుకుని చీఫ్ మనుషులు లోపలికొచ్చారు.

"అందిందని చూపించిందిగా!" బేడీలతో అరిచింది చిలక.

"అది నిన్నటి జవాబు." జిడ్డు కళ్లు తుడుచుకున్నాడు. సగం ఏడుపు నిజమే.

"మరి ఏసీ?"

"అదీ నిన్నటి గాలే తిప్పుతోంది."