పాతపట్నం మాట, కొత్తవలస దిద్దుబాటు

"భరణి మాస్టారేనా మాట్లాడేది?"

"అవునండీ. మీరు?"

"పాతపట్నం నుంచి శైలజని. మా పిల్లల నోట్లో మాట లాగేసుకున్నారు మీరు. ఎందుకని అడుగుదామని చేశాను."

స్టాఫ్ రూములో భోజనానికి కూర్చున్న భరణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్కనున్న లెక్కల మాస్టారు క్యారేజీ మూత పెట్టేసి మరీ చెవులు రిక్కించాడు. భరణి ఫోను పట్టుకుని వరండాలోకి నడిచాడు.

వేసవిలో టీచర్లకి ఆన్‌లైన్ ట్రైనింగ్ ఒకటి జరిగింది. పైసా ఖర్చు లేకుండా దొరికే ఆన్‌లైన్ టూల్స్‌తో రెండు ఊళ్ళ పిల్లల చేత కలిపి పని చేయించాలన్నారు. అలా కొత్తవలస దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పే భరణికీ, పాతపట్నం దగ్గర బయాలజీ చెప్పే శైలజకీ జత కుదిరింది. ఒకే గూగుల్ డాక్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు తమ చుట్టూ కనిపించే పురుగులూ, పిట్టలూ, మొక్కల ఫోటోలు పెట్టి, వాటి గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేది రాయాలి. మాస్టారూ, టీచరూ అప్పటిదాకా మెసేజీలు తప్ప గొంతు వినిపించుకున్నది లేదు.

"మాట లాగేసుకోవడం ఏమిటండీ? తప్పులుంటే దిద్దాను. తెలుగు మాస్టారిని, అది నా పని."

"తప్పులా? ఒక్కటి చదువుతాను, వినండి. మా కుమారి రాసింది. 'వర్సం వస్తాదంటే సీమలు గుడ్లు నోట కరుసుకొని బేగి మెట్టకి ఎల్లిపోతాయి. మా మామ్మ అది సూసి ఎండబెట్టిన గింజలు లోపలెట్టేస్తాది.' బాగుందా?"

"భావం బాగుంది. కానీ..."

"ఆగండి. దాన్ని మీరు చేసింది ఇదీ. 'వర్షమునకు పూర్వమే చీమలు తమ అండములను ఎత్తైన ప్రదేశమునకు త్వరితగతిన తరలించును.'"

తను రాసిన వాక్యమే శైలజ గొంతులో వినేసరికి, ఏదో ఆఫీసు గోడ మీద అంటించిన నోటీసులా వినిపించింది భరణికి.

"బాగానే ఉంది కదండీ," అన్నాడు కొంచెం తగ్గి.

"మామ్మేదీ మాస్టారూ?"

"అంటే?"

"చీమలున్నాయి, గుడ్లున్నాయి. మామ్మ ఏటైపోయింది?"

"అది... విషయానికి అనవసరమని తీసేశాను."

శైలజ మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం పోయి దిగులు మిగిలింది. "ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేదే కాదండీ. మొదటిసారి తనంతట తను రాసింది. నిన్న మీరు దిద్దింది చూసి, 'ఇది నాను రాసింది కాదు టీచర్, నా పేరు తీసెయ్యండి' అంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ మానేశారు. అంతే. ఉంటాను."

సాయంత్రం బడి వదిలాక భరణి డాక్ తెరిచాడు. పేజీ నిండా తన ఎర్ర గీతలే. పాతపట్నం పిల్లల పేర్లు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. తన సొంత పిల్లలు మాత్రం రాస్తున్నారు. ఒకడు, 'తూనీగ అనునది ఒక కీటకము. అది ఎగురును' అని రాశాడు. వాడు బయట తూనీగ వెంట పడితే పట్టపగ్గాలుండవు. తూనీగ రెక్కకి దారం కట్టి బడంతా తిప్పే మనిషి, కాగితం మీదికొచ్చేసరికి ఇలా బిగుసుకుపోయాడు.

వెర్షన్ హిస్టరీలోకి వెళ్ళి, తను దిద్దక ముందున్న పేజీని వెతికి తిరిగి తెచ్చిపెట్టాడు. కుమారి చీమలూ, మామ్మా, గింజలూ మళ్ళీ వచ్చి కూర్చున్నారు. శైలజకి మెసేజ్ పెట్టాడు. "పాతదే పెట్టేశాను. తప్పు నాదే."

"చూశాను. థాంక్స్," అని వచ్చింది జవాబు. కాసేపటికి ఇంకోటి. "పేజీ వచ్చింది గానీ పిల్ల రాలేదు."

ఆ మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. రెండు బళ్ళూ కలిపి ఒక వీడియో క్లాసు పెడదామని అడిగాడు. ఆమె ఊఁ అంది.

క్లాసు రోజు గోడకున్న పెద్ద తెర మీద పాతపట్నం పిల్లలు కనిపించారు. వాళ్ళ పక్కన చామనఛాయగా, జడ ముందుకు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడిన అమ్మాయిని చూసి భరణి మొదట పిల్లల్లో ఒకతె అనుకున్నాడు. ఆమె కళ్ళెత్తి సూటిగా చూసేసరికి టీచరెవరో తెలిసిపోయింది. అనుకున్న మాటలన్నీ అక్కడితో సగం పోయాయి.

"విద్యార్థులారా, గతవారం జరిగిన పొరపాటుకు నేను చింతిస్తున్నాను," అని మొదలుపెట్టాడు. అటువైపు ఎవరూ కదల్లేదు. శైలజ కనుబొమ పైకి లేచింది.

భరణి చేతిలో కాగితం పక్కన పెట్టేశాడు.

"ఒరే గుంటలూ, ఒక మాట సెప్తాను ఇనండి," అన్నాడు.

అతని సొంత క్లాసే ఉలిక్కిపడింది. ఆ మాస్టారి నోట అలాంటి మాట వాళ్ళెప్పుడూ వినలేదు.

"నాను విశాఖపట్నంలో సదువుకుందామని ఎల్లాను. హాస్టల్లో మొదటిరోజే వార్డెన్ని అడిగాను, 'ఏటి సార్, కూడెప్పుడు ఎడతారు?' అని. హాలంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి నా పేరు ఏటిబాబు. పరీక్షల్లో ఫస్టొచ్చినా ఏటిబాబే. అప్పుడు టీవీలో వార్తలు సదివేవోళ్ళని సూసి, ఆళ్ళలాగ మాటాడ్డం నేర్సుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కానీ మా అమ్మకి ఫోన్ సేస్తే, 'ఏట్రా, ఎవరో ఆఫీసరు మాటాడినట్టున్నాది' అనేది." తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "మిమ్మల్ని సూసీ ఎవరో నవ్వుతారని నాకు బయం. ఆ బయంతోటే మీ రాతంతా సెరిపేశాను. పరీక్షలో ఎలా రాయాలో నేర్పుతాను, అది కావాల. కానీ మీ మామ్మ మాటని తప్పన్నాను సూడండి, అది నా తప్పు."

తెర మీద వెనక బెంచీలో ఒక సన్నటి పిల్ల లేచి నిలబడింది.

"సార్, మా మామ్మని వెనక్కి ఎట్టేసారేటి?"

"ఎప్పుడో ఎట్టేశాను తల్లీ. వచ్చి సూసుకో."

"ఆవిడ పేరు రాయొచ్చా? దాలమ్మ."

"రాయి. పెద్ద అచ్చరాల్లో రాయి."

కుమారి నవ్వింది. ఆ వెనకే శైలజ నవ్వింది. భరణికి ఆ రెండో నవ్వు గుర్తుండిపోయింది.

ఆ తరవాత డాక్‌కి ఊపిరాడలేదు. పాతపట్నం పిల్లలు ఫోటోలు పెడితే కొత్తవలస పిల్లలు కింద కామెంట్లలో, 'దీన్ని మా ఊళ్ళో ఇంకోలా అంటాం' అని దెబ్బలాడేవారు. రైలు కట్ట పక్కన దొరికిన పురుగు ఏమిటో తెలీకపోతే శైలజ టీచర్ని అడిగేవారు. మాటకి అర్థం కావాలంటే అటువాళ్ళు భరణి సార్ని పిలిచేవారు.

డాక్‌లో ఎవరు పని చేస్తుంటే వాళ్ళ పేరుతో ఒక రంగు గీత మెరుస్తుంది. శైలజది ఆకుపచ్చ, భరణిది నారింజ. సాయంత్రమయ్యేసరికి ఆ రెండూ ఒకే పేజీలో చేరేవి. నారింజ ఒక లైను దిగితే ఆకుపచ్చ కూడా దిగేది. ఒక్కోసారి రెండూ ఏమీ రాయకుండా పక్కపక్కనే మిణుకుమంటూ ఉండిపోయేవి.

"సార్, ఆకుపచ్చ వచ్చింది!" అని ముందు బెంచీ ధనరాజ్ అరిచేవాడు.

"పని చూసుకోరా," అనేవాడు భరణి, చెవులు ఎర్రబడుతుండగా.

ఫోన్లూ పెరిగాయి. మిడతకి కాళ్ళెన్ని అని మొదలై, మీ ఊళ్ళో వానా అని సాగి, తిన్నారా అని ముగిసేవి.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం వీడియో క్లాసుకి శైలజ రాలేదు. కుమారి ఒక్కతే తెర ముందుకొచ్చింది.

"టీచర్ సెలవు సార్. సూడ్డానికి పెళ్ళోరు వస్తన్నారు. అబ్బాయి బ్యాంకంట. కుదిరిపోయినట్టేనంట."

భరణి పాఠం చెప్పాడు. ఏం చెప్పాడో అతనికే తెలీదు. ఇంటికెళ్ళి శైలజకి మెసేజ్ టైపు చేశాడు. "సదరు ప్రాజెక్టు బాధ్యతలను ఇకపై తమరే నిర్వహించగలరు. శుభాకాంక్షలు." ఆమె ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అప్పుడూ ఎత్తలేదు. డాక్‌లో ఆకుపచ్చ గీత వచ్చి ఒంటరిగా తిరిగి వెళ్ళిపోయేది. భరణి అది చూస్తూనే ఉన్నాడు, తన నారింజ గీత కనబడకుండా ధనరాజ్ ట్యాబులోంచి.

చివరికి తప్పని రోజు వచ్చింది. ఎచ్చెర్లలో ఒక హాల్లో రెండు జిల్లాల పిల్లల ప్రాజెక్టులూ చూపించాలన్నారు. భరణి తన పిల్లల్ని తీసుకుని వెళ్ళేసరికి పాతపట్నం వ్యాను అప్పటికే ఆగి ఉంది. కుమారి స్టేజీ ఎక్కి, మైకులో జంకు లేకుండా, 'వర్సం వస్తాదంటే' అని మొదలుపెట్టింది. హాలు నవ్వింది గానీ అది ఆనందంగా నవ్విన నవ్వు. చప్పట్లు ఆగలేదు. భరణి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బయట కుండపోతగా వాన.

"ఏడుస్తున్నారా తమరు?"

వెనక శైలజ. తెరలో కన్నా పొట్టిగా ఉంది, కోపం మాత్రం తెరలో కన్నా పెద్దది.

"జల్లు పడిందండీ కళ్ళలో."

"తమరేంటండీ, తమరు? ఇన్నాళ్ళూ తిన్నారా, తడిసారా అని అడిగి, ఒక్కరోజులో 'సదరు' అయిపోయానా? ఫోనెందుకు ఎత్తలేదు?"

"పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఫోన్లు చేస్తే బాగోదని."

"కుదిరిందని ఎవరన్నారు?"

"కుమారి."

"కుమారి మాటకి ఇప్పుడంత విలువిస్తున్నారన్నమాట." ఆమె పెదవి చివర నవ్వు ఒకటి తొంగిచూసి పోయింది. "వచ్చారు, చూశారు. అబ్బాయి మంచివాడే. వద్దన్నాను."

"ఎందుకు?"

"అది కూడా నేనే చెప్పాలా?"

భరణి చొక్కా సర్దుకున్నాడు. "శైలజగారూ, మీ పట్ల నాకున్న అభిప్రాయం ఏమిటంటే..."

"దిద్దుకోకుండా చెప్పండి."

"మీరంటే నాకు శానా ఇష్టం. మీతో మాటాడని రోజు నాకు అన్నం ఎక్కడం లేదు. మా ఇంటికి వచ్చెయ్యండి."

"ఎప్పుడు?"

"బేగి."

"బేగంటే ఎప్పుడు బాబూ?" అని మూడో గొంతు.

భరణి వెనక్కి తిరిగాడు. గొడుగు మడుచుకుంటూ, పంచె అంచు పిండుకుంటూ ఒక పెద్దాయన. పిల్లల వెంట తోడుగా వచ్చిన శైలజ తండ్రి జగన్నాధం. శైలజ నేల చూపులు చూసింది. భరణి పారిపోవడానికి వాన తప్ప దారి లేదు.

"నమస్కారమండీ. నేను..."

"తెలుసులే. పొద్దస్తమానం నీ పేరే మా ఇంట్లో." జగన్నాధం అతన్ని పైకీ కిందికీ చూశాడు. "మీది కొట్టు పెట్టుకున్న కుటుంబం. మేం మట్టి పిసుక్కునేవోళ్ళం. కులం యేరు. మీ నాన్న ఒప్పుకుంటాడా?"

"అడగాలండీ."

"అడుగు. నువ్వొచ్చి అడగడం యేరు, ఆయనొచ్చి అడగడం యేరు. మొగం మాడ్సుకునొచ్చేటట్టయితే రావద్దను. మా పిల్ల సిన్నబోయిన గుమ్మంలో కాలెట్టదు."

కొత్తవలస స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు నడిపే భరణి తండ్రి నగరేశ్వరరావు, కొడుకు చెప్పిందంతా విని, పప్పు బస్తా మూతి కట్టడంలో మునిగిపోయాడు. ఆ పూటా మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. చివరికి భోజనాల దగ్గర, "మనవాళ్ళేటనుకుంటారు?" అన్నాడు.

"ఏటనుకున్నా పప్పుకీ ఉప్పుకీ మన కొట్టుకే వస్తారు," అంది భరణి తల్లి పార్వతీదేవి, మజ్జిగ వడ్డిస్తూ. "మీకొకటి తెలుసా? ఈడు విశాఖపట్నం ఎల్లొచ్చాక నాతో మనింటి మనిషిలా మాటాడలేదు. ఈమద్దిన మాటాడతన్నాడు. ఆ పిల్లెవరో ఈడ్ని నాకు తిరిగిచ్చింది. నాకింకేం అక్కర్లేదు."

నగరేశ్వరరావు ఇంకో గరిటె మజ్జిగ పోయించుకున్నాడు. ఆదివారం పొద్దున్న మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికన్నా ముందు కారు దగ్గర నిలబడ్డాడు. దారి పొడుగునా కిటికీలోంచి పొలాలే చూశాడు. భరణి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పాతపట్నంలో జగన్నాధం వాకిట్లో కుర్చీలు వేయించాడు. పెద్దవాళ్ళు వానల గురించి మాట్లాడారు, రోడ్డు గురించి మాట్లాడారు, మళ్ళీ వానల దగ్గరికే వచ్చారు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. శైలజ టీ తెచ్చింది. కప్పు అందుకుంటూ నగరేశ్వరరావు ఆ అమ్మాయి వంక మొదటిసారి చూశాడు.

"అమ్మా, ఒకటడుగుతాను. మా ఇంట్లో కొట్టు బేరాలు అలవాటై అందరం గట్టిగా మాటాడతాం. కొత్తోళ్ళు దెబ్బలాట అనుకుంటారు. నీకు ఇబ్బందవుతాదేమో?"

భరణి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

"మా ఇంట్లో అంతకన్నా గట్టిగా మాటాడతాం మావయ్యా," అంది శైలజ. "మీరొచ్చారని తగ్గించాం."

టీ కప్పు నగరేశ్వరరావు పెదవి దాకా వెళ్ళి ఆగింది. నెమ్మదిగా దాన్ని కింద పెట్టి భార్య వైపు తిరిగాడు.

"ఇన్నావా, నన్నేటని పిలిసిందో?"

"ఇన్నాను," అంది పార్వతీదేవి, పమిట చెంగుతో కళ్ళద్దుకుంటూ. "ఇంకేటి సూస్తారు? పంతులుగారికి ఫోన్ సెయ్యండి."

నగరేశ్వరరావు జేబులు తడుముకుని, కొట్టులో అరిచినంత గట్టిగా, "భరణీ, నా ఫోనేదిరా!" అని కేకేశాడు. అప్పటికే భరణి లేచి, ఖాళీ కప్పులు ఎత్తే నెపంతో శైలజ వెనకాలే లోపలికి నడిచాడు.