ప్లస్ వైపు వాలిన ముల్లు

సొరంగంలో వెనక దీపాలు వెలగని కారు. నా భయాలన్నిటిలోకీ పెద్దది అదే. నాలుగేళ్ల కిందట చలికాలంలో మా ఆయన లారీ అలాంటి కారునే తప్పించబోయి గోడకి కొట్టుకుంది. ఆయన మిగల్లేదు. అప్పటికి నాకు ఇరవై మూడు, మా మేరిమ్‌కి మూడు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా నేను ఆ సొరంగమున్న కనుమ ఎక్కలేదు. కనుమ కింద మా ఊళ్లో, నాన్న షెడ్డులో, దారిన పోయే బళ్ల దీపాలు బాగుచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను గానీ కరెంటు తీగల పని నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పనంతా నాదే.

ఎర్నిస్ మే నెల వానలో వచ్చాడు. 1959 నాటి లేత నీలం వోల్గా కారు, వాళ్ల తాతది. దాన్ని పెళ్లిళ్లకి అద్దెకి తిప్పుతాడట.

"ఉస్తా లేరా?" అన్నాడు కిటికీ అద్దం దించి. ఉస్తా అంటే మా దగ్గర మేస్త్రీ.

"ఉన్నాను."

అతను నా వెనక్కి చూశాడు. నాన్న టీ గిన్నె ఎత్తి చూపించాడు. "ఉస్తా మా జిపారే బాబూ. నేను టీ తాగడానికున్నాను."

"కుడి ఇండికేటర్ వేస్తే వెనక దీపం కూడా కన్ను కొడుతోంది. బ్రేక్ తొక్కితే అన్నీ మసకబారుతున్నాయి. బల్బులన్నీ మార్చేయండి," అన్నాడు.

"బల్బులు బాగానే ఉన్నాయి. ఎర్త్ అందడం లేదు. ఈమధ్య పెయింట్ వేయించారా?"

"నేనే వేశాను. మూడు పూతలు!"

"అదే జబ్బు. దీపం కింద ఇనుముకి ఇనుము తగలాలి. మీరేమో మధ్యలో మూడు దుప్పట్లు కప్పారు."

నేను దీపం విప్పి దాని కింద పెయింట్ గీకుతుంటే, తన వొంటి మీద చర్మం వొలుస్తున్నట్టు "మెల్లగా, మెల్లగా!" అని మూలిగాడు. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి నాన్న టీ తాగడం ఆపేశాడు.

వెళ్లేముందు గట్టిగా చెప్పాను. "ఈ పాత బండికి ప్లస్ తీగ బాడీకి వెళ్తుంది. ఇప్పటి బళ్లకి మైనస్. బ్యాటరీ మార్చాల్సొస్తే నా దగ్గరికే తీసుకురండి."

"తప్పకుండా. ఇంకేం పాడైనా తెస్తాను."

వారానికొకటి పాడైంది. ఒకసారి వైపరు, ఒకసారి లోపలి దీపం. మూడో వారం హారన్ మోగడం లేదన్నాడు.

"ఈ తీగ తెగలేదు. తుప్పు లేదు, కాలిన మచ్చ లేదు. ఎవరో పీకారు," అన్నాను.

"ఎవరంటారు?"

"వేళ్ల నలుపు ఇంకా వదలనివాళ్లు."

చేతులు గబుక్కున జేబుల్లో పెట్టుకున్నాడు. చెవులు మాత్రం దాచుకోలేకపోయాడు, అవి ఎర్రబడ్డాయి.

అక్టోబరులో ఒకరోజు, ఏ రిపేరూ లేకుండానే వచ్చాడు. "ఆదివారం తలాస్ నుంచి అమ్మని తీసుకొస్తున్నాను. చెవిపోగులు తెస్తోంది."

కాబోయే అత్త చేత చెవులకి పోగులు పెట్టించుకుంటే మా దగ్గర మాట ఇచ్చేసినట్టే. 

"నాకు కూతురుంది."

"తెలుసు. నా హారన్ నాకంటే ఎక్కువ కొట్టింది ఆవిడే."

"భయం కూడా ఉంది. చాలా."

దానికి మాత్రం అతను జోకు వేయలేదు. "సరే. భయంతోనే రండి," అన్నాడు.

నేను వెనక దీపాలు రెండూ చూసి అతన్ని పంపాను.

ఆదివారం మంచుతో కలిసి వాన. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఉస్తా! సొరంగానికి అవతల సుసామిర్‌లో ఉన్నాం, టీకి ఆగాం. పొద్దున తలాస్‌లో బ్యాటరీ చచ్చిపోతే పాతదొకటి కొని నేనే బిగించా!"

"ఎలా బిగించారు?"

"అమ్మినతను చూపించినట్టే. బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు ఇంజిన్ ఆపేశాను, దీపాలు వెలుగుతున్నాయి, అయినా స్టీరింగ్ ముందున్న కరెంటు మీటరు ముల్లు ప్లస్ వైపే ఉంది!"

 ఇంజిన్ ఆగి దీపాలు వెలుగుతుంటే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టు. ముల్లు మైనస్ వైపు వాలాలి. ప్లస్ వైపు వాలిందంటే తీగలు తారుమారు చేశాడు. డైనమో ఆ బ్యాటరీకి చుక్క కరెంటు పోయదు. పొద్దుటినుంచీ దీపాలూ వైపర్లూ దాన్నే తాగుతున్నాయి. ముందేమో రెండున్నర కిలోమీటర్ల సొరంగం.

"ఎర్నిస్, బయల్దేరొద్దు!"

లైన్ తెగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాను. కలవలేదు.

"నాన్నా, మేరిమ్‌ని చూసుకో."

"ఎక్కడికి? పైకా?"

"పైకే."

నాన్న చార్జి చేసిన బ్యాటరీ ఒకటి వణికే చేతులతోనే మోసుకొచ్చి, నేను ఆపిన లారీలో పెట్టాడు.

సొరంగం గేటు దగ్గర కాపలాదారు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు, బళ్లు ఆపమనడానికి?"

"ఎలక్ట్రీషియన్ని. అవతలికి ఫోన్ చేయండి. లేత నీలం వోల్గా."

చేశాడు. అతని మొహం మారింది. "లోపలికొచ్చి పది నిమిషాలైందట. వెనకే బొగ్గు లారీ."

ఐదు నిమిషాల దారి అది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ నల్లటి నోట్లోకి చూస్తూ నిలబడ్డాను. రెండు లారీలు వచ్చాయి. ఒక బస్సు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

అప్పుడు, ఆరిపోయే నిప్పుల్లాంటి రెండు చుక్కలు. వోల్గా నత్తలా బయటికొచ్చింది. బొగ్గు లారీ బాగా దూరంగా, హారన్ కొడుతూ వస్తోంది. వోల్గా వెనక దీపాలు ఆరిపోయాయి, వెనక అద్దంలో మాత్రం ఎర్రగా ఏదో వెలుగుతోంది. వెనక సీటు మీద మోకాళ్లూని, ఫోన్ టార్చికి ఎర్ర తలగుడ్డ చుట్టి, ఒక పెద్దావిడ దాన్ని అద్దానికి ఆనించి పట్టుకుంది.

ఎర్నిస్ దిగాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి. "ముల్లు ప్లస్ వైపే..."

"తలకిందులుగా కట్టావు! నీకు చెప్పానా లేదా? చెప్పానా?" అతని కోటు పట్టుకుని కుదిపేస్తున్నాను. 'మీరు' అనడం మర్చిపోయానని నాకప్పుడు తెలియదు.

"తలకిందులేనా? వీడు పుట్టినప్పుడూ అంతే, కాళ్లు ముందొచ్చాయి," అంటూ ఆవిడ దిగింది. జుట్టు చెదిరి, చేయి పట్టేసి ఉంది. నన్ను చూసింది. "ఉస్తావి నువ్వేనా?"

"నేనే, అమ్మా." బానెట్ ఎత్తి, కొత్త బ్యాటరీ పెట్టి, ప్లస్ బాడీకి బిగించాను. దీపాలు వెలిగాయి. వెనక్కి వెళ్లి చూశాను, రెండూ వెలిగాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆవిడ సంచిలోంచి చిన్న పొట్లం తీసింది.

"నా చేతులు గ్రీజు, అమ్మా."

"నేను పెట్టేది చేతులకి కాదుగా. మా వాడి మీద ఇష్టముంటే ఇటు తిరుగు."

తిరిగాను. బొగ్గు లారీవాడు హారన్ కొట్టాడు, ఈసారి కోపంగా కాదు.

పెళ్లయి ఏడాది దాటింది. బాబుకి నాలుగో నెల. ఎర్నిస్ ఇప్పటికీ శుక్రవారాలు పెళ్లి బండి తోలుకుని తలాస్ వైపు వెళ్తాడు. ముందు దీపాలు అతనికి కనిపిస్తాయి, వెనకవి కనిపించవు. చంటివాడితో నేను ప్రతిసారీ వెళ్లలేను. ఈ శుక్రవారం మేరిమ్ కూడా బండిలో ఉంది, నానమ్మని చూస్తానని మారాం చేసింది. బయట మంచు పడుతోంది. మీలో ఎవరైనా ఇవాళ ఆ దారిన వెళ్తుంటే, లేత నీలం వోల్గా కనిపిస్తే, కాస్త వెనకే వెళ్లి చూడండి. రెండు దీపాల్లో ఒకటి వెలగకపోయినా సొరంగానికి ముందే ఆపండి. ఆపి, జిపార్ ఆపమందని అతనితో చెప్పండి.