పైన ఉన్నట్టే

మంచు మధ్యాహ్నమే మొదలైంది. అమెరికాలో, హార్ట్‌ఫర్డ్‌లోని ఒక బీమా కంపెనీ గుమస్తాలందరినీ పెందరాళే ఇళ్లకు పంపేసింది. కంప్యూటర్ గది మాత్రం నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు కాబట్టి అక్కడ మిగిలిన ఇద్దరికీ మంచూ లేదు, పొద్దూ లేదు. ఒకడు ఆర్విడ్, యంత్రం ఎందుకు ఆగిందో కనిపెట్టేవాడు. రెండో ఆవిడ రోజెల్, యంత్రం వచ్చిన నాటినుంచీ టేపులు ఎక్కించి దించే మనిషి.

పొద్దున యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ క్షణంలో దాని జ్ఞాపకంలో ఏముందో అంతా కాగితాల మీద అచ్చు వేయించి చదవడం వాళ్ల పద్ధతి. దాన్నే డంపు అంటారు. కారణం పట్టుకుంటే చీఫ్ ఉద్యోగం నీదేనని పైఅధికారి హాలమ్ ఆర్విడ్‌కి ఫోనులో మాటిచ్చాడు. అది, అందరూ పెద్దాయన అని పిలిచే వెండెల్ చేసిన ఉద్యోగం. మొన్న ఆకురాలే రోజుల్లో, ఈ గదిలోనే, తన కుర్చీలోనే వెండెల్ గుండె ఆగి పోయాడు.

ఆయన బతికున్నప్పుడు ఆయన్ని చూసి ఆర్విడ్ కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. పోయాకైనా మంట చల్లారిందా అంటే, అదీ లేదు. ఎవరి నోట విన్నా వెండెల్ పేరే. 'చచ్చి సాధిస్తున్నాడు ముసలాడు' అని పళ్లు నూరుకునేవాడు. మళ్లీ ఆయనలాగే మెడకి బో టై కట్టాడు, ఆయనలాగే చెవి వెనక ఎర్ర పెన్సిలు పెట్టాడు, ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. ఒక్క ఆయనలా పెన్సిలు కొరకడం మాత్రం నేర్చుకోలేదు. ఆ అలవాటంటే అసహ్యం.

వెండెల్‌కి ఇంకో అలవాటుండేది. రోజూ పని మొదలెట్టే ముందు జ్ఞాపకంలో ఖాళీగా ఉన్న చోటంతా తన పేరుతో నింపేవాడు. డంపులో పేరు ఎక్కడ చెరిగిందో చూస్తే యంత్రాన్ని ఆపిన దొంగ అక్కడే దొరికేవాడు. ఆయన పోయాకా రోజూ ఆ పేరే నడిచింది. ఈ పొద్దున, పని మొదలయ్యే ముందు, ఆర్విడ్ ఆ పేరు తుడిచేసి తన పేరు పెట్టాడు. చాలా రోజుల తర్వాత అతని కడుపు చల్లబడింది.

"దొరికింది!" అని డంపు మీద గుద్దాడు ఇప్పుడు. "చూడు రోజెల్. ఇదిగో, ఇక్కడ నా పేరు చెరిగింది. ప్రీమియం లెక్కలు హద్దు దాటి వచ్చి పడ్డాయి."

ఆ కింద ఒకే వరుస నిండా అతని పేరు. దాని కింద, చివరిదాకా మిగతా వరుసలన్నిటికీ బదులుగా 'పైన ఉన్నట్టే' అని ఒక్క ముక్క. ఒకటే సరుకు మళ్లీ మళ్లీ వస్తుంటే యంత్రం కాగితం దండగ చెయ్యదు. పైదాంతో పోల్చి చూస్తుంది, తేడా లేకపోతే వదిలేస్తుంది. చదివేవాళ్లూ అక్కడ ఆగరు.

"పెద్దాయనైతే వదిలేసిందంతా ఓసారి వేయించి చూసేవాడు బాబూ," అంది రోజెల్, కాఫీ ఊదుకుంటూ.

"పెద్దాయన, పెద్దాయన! ఆయన లేడు. ఉన్నది నేను."

"ఉన్నావులే. ఆయన టై కూడా ఉంది."

ఆర్విడ్‌కి ఒళ్లు మండింది. అప్పుడే హాలమ్‌కి ఫోను చేస్తే సరిపోయేది. అసూయ ఊరుకోనిస్తుందా? "వెయ్యి. ఒక్క వరుస కూడా వదలకుండా వెయ్యి," అన్నాడు.

అచ్చుయంత్రం రొద మొదలైంది. సిరా వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. కాగితాలు మడతలు మడతలుగా కింద పడుతున్నాయి. ప్రతి వరుసలోనూ తన పేరే. ఆర్విడ్ మురిసిపోతూ వేలుతో చదువుకుంటూ పోయాడు.

వేలు ఆగింది.

మధ్యలో ఒక్క వరుస... వెండెల్ పేరు.

"రోజెల్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది ఉండకూడదు. తేడా ఉంటే యంత్రం ఇందాకే చూపించేది."

"నాకేం తెలుసు? అదే వేస్తోంది."

తర్వాతి పేజీలో మూడు వరుసలు. ఆ తర్వాత సగం పేజీ. ఆ తర్వాత... పేజీలకు పేజీలు. ఆర్విడ్ పేరు మూలకి ఒదిగింది. చివరి కాగితంలో లేనే లేదు.

అతను ఆ కాగితం కిందికి విసిరాడు. "ఆపు. మొదటిలాగే, పొట్టిగా... మళ్లీ వెయ్యి."

ఈసారి ఎంతోసేపు పట్టలేదు. వెండెల్ పేరుతో ఒక వరుస. దాని కింద 'పైన ఉన్నట్టే'. అంతే. అతని పేరు ఎక్కడా లేదు. వెండెల్ కుర్చీ, వెండెల్ టై, వెండెల్ పద్ధతి... యంత్రం అతన్నీ పోల్చి చూసుకుంది, తేడా లేదని వదిలేసింది.

ఫోను మోగింది. రోజెల్ తీసింది.

"ఆఁ, హాలమ్ గారూ. దొరికిందండీ. ఇంకెవరు, పెద్దాయనే పట్టారు." ఆమె నవ్వింది. "ఆర్విడా? ఆ పేరుగలవాళ్లు ఇక్కడ ఎవరూ లేరే!"

ఆర్విడ్ లేవబోయాడు. "రోజెల్... నేను..." అన్నాడు.

ఆమె అతని వైపే, కళ్లలోకే చూసింది. ఆ చూపులో వెటకారం లేదు. ఎన్నడూ అతనికి దక్కని గౌరవం ఉంది. రిసీవరు రెండు చేతులతో అందించింది.

"పెద్దాయనా, మీకే."

అతని చెయ్యి అలవాటుగా చెవి వెనక పెన్సిలు మీదికి పోయింది. కొసన పంటిగాట్లు తగిలాయి. ఇంకా తడిగా ఉన్నాయి.